ఈ చక్రాలు ఎవరివి?

మిత్రులారా, సీసపద్యం నడక గురించి రాస్తానని పోయిన టపాలో మాట ఇచ్చి, ఇప్పుడు ట్రాలీ చక్రాల గురించి రాస్తున్నందుకు మన్నించాలి. సీసం ఎక్కడికీ పోదు, వచ్చే నెల రాస్తాను. ఈ సంగతి మాత్రం మనసులో వేడి ఆరకముందే మీతో చెప్పుకోవాలనిపించింది.

నేనుండేది శంషాబాదులో. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైన నాటినుంచి, బడి విడిచిన పిల్లలు ఏమవుతారన్న ప్రశ్నకు ఈ చుట్టుపక్కల జవాబులు మారిపోయాయి. అంతకుముందు సేద్యం, కాదంటే పట్నం బస్సు. ఆ తరవాత డ్రైవర్లు, కాపలాదారులు, గోదాముల్లో ప్యాకింగు పనివాళ్ళు, ఎక్కడో ఒకరిద్దరు చిన్న కార్ఖానాల యజమానులు. అలా యజమాని అయినవాడు నా పాత శిష్యుడొకడు. తొమ్మిదో తరగతిలో ఎన్నిసార్లు దిద్దినా సవర్ణదీర్ఘసంధిని 'సువర్ణదీర్ఘసంధి' అనేవాడు. ఇప్పుడు ఆ సువర్ణం సంగతే చూసుకుంటున్నాడు. గోదాములకు కావలసిన ఇనుప ట్రాలీలు, ర్యాకులు, బరువైన యంత్రభాగాలు నిలబెట్టే ప్రత్యేకమైన స్టాండ్లు చేయిస్తాడు. నలభైమంది దాకా పనిచేస్తారు.

ఒకనాటి సాయంత్రం వచ్చి, చెప్పులు గడప అవతలే విడిచి, బడిలో నిలుచున్నట్టే నిలుచున్నాడు.

"సార్, మా దగ్గర కొత్త సాఫ్టువేరు పెట్టినం. ట్రైనింగంతా ఇంగ్లీషుల ఇచ్చి పోయిండ్రు. మావోళ్ళకు ఒక్క ముక్క ఎక్కలే. మీరు తెలుగుల రాసిస్తే గోడకు అంటిస్త."

"నాకు కంప్యూటరులో తెలుగు టైపు చేయడం తప్ప ఇంకేమీ రాదు నాయనా" అన్నాను.

"అదే చాలు సార్" అన్నాడు. గురువుకు పని అప్పగించడంలో ఎంత చనువు! కాదనలేకపోయాను.

తెచ్చిన కాగితాల్లో మొదటి పుటలోనే రెండు పదబంధాలు అడ్డం నిలిచాయి. మేక్ టు ఆర్డర్, మేక్ టు స్టాక్. కొన్నవాడు అడిగిన తరవాత చేసేది ఒకటి, అడుగుతారని ముందే చేసి పెట్టుకునేది మరొకటి. అర్థం తేలికే. మాట దొరకడమే కష్టం. నాలోని పండితుడు ఊరుకుంటాడా? మొదట 'ఆదేశోత్పత్తి' అని రాశాను. రాసి నాకే నవ్వొచ్చింది. వ్యాకరణంలో ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి లేపి ఆ చోట తాను కూర్చుంటుంది. కొనుగోలుదారు ఇచ్చే ఆర్డరు ఈ రెంటిలో ఏదో, ఆ కార్ఖానాలో రెండు నెలలు తిరిగాక గాని నాకు తెలియలేదు. రెండో మాటకు 'నిల్వోత్పత్తి' అనబోయి నాలుక కరుచుకున్నాను. తెలుగు నిల్వకు సంస్కృత ఉత్పత్తిని తగిలించిన వైరిసమాసం, దానికి తోడు గుణసంధి! నా గురువుగారు ఉండి ఉంటే బెత్తం కోసం వెతికేవారు.

చివరకు వెల్డింగు చేసే కుర్రవాణ్ణే అడిగాను. "బయానా ముట్టినంక చేసేది, ముందుగాల చేసి ఉంచేది" అన్నాడు. అంతే! కోస్తావారు అచ్చారం అంటారు, ఇక్కడ బయానా. మాటలు ఊళ్ళోనే ఉన్నాయి, నేను నిఘంటువుల్లో వెతికాను. 'అడిగాక చేసేది', 'చేసి ఉంచేది' అని ఖాయం చేశాను. ('చేసిపెట్టేది' అనవచ్చు గాని, మనకు చేసిపెట్టడమంటే ఒకరికి ఉపకారం చేయడం కూడాను. అక్కడ ఉపకారమేమీ లేదు.)

మాట దొరికాక వస్తువు కనిపించడం మొదలైంది. మన కుమ్మరినే తీసుకోండి. ఎండాకాలం రాకముందే రంజన్లు, కూజాలు చేసి కాల్చి వరుసగా పేర్చుకుంటాడు. దీపావళికి ప్రమిదలు, ఆషాఢానికి బోనాల కుండలు అంతే. ఎవరు కొంటారో తెలియదు, ఎవరో కొంటారని మాత్రం తెలుసు. పెండ్లికి పెట్టే ఐరేని కుండలు (కోస్తాలో అరివేణి కుండలు) ఉన్నాయే, అవి వేరు. ముహూర్తం పెట్టుకున్నాక ఆ ఇంటివారు వచ్చి చెప్పాలి. వాటికి రంగులద్దుతాడు, మేళతాళాలతో వచ్చి తీసుకుపోతారు. చక్రం ఒకటే, మన్ను ఒకటే, ఆము ఒకటే. పద్ధతులు మాత్రం రెండు. 'మీరు అడిగాక చేసేవారా, చేసి ఉంచేవారా?' అని ఆ కుమ్మరిని అడిగితే ప్రశ్నే తప్పంటాడు. ఏ కుండ సంగతి అడుగుతున్నారని ఎదురడుగుతాడు.

ఈ చిన్న మాట దగ్గరే నా శిష్యుడి కార్ఖానా తప్పటడుగు వేసింది.

ఆ తప్పు చెప్పే ముందు సాఫ్టువేరు సంగతి కొంచెం చెప్పాలి. చదువరుల్లో చాలామంది ఆ రంగంవారే, నా అజ్ఞానాన్ని సవరించండి. వ్యాపార సంస్థల ఉత్పత్తి ప్రణాళికకు పేరుమోసినది శాప్ అనే జర్మనీ సాఫ్టువేరు. ఆ సంస్థను 1972లో ఐదుగురు ఇంజనీర్లు, ఐబీఎం విడిచి వచ్చినవారు, స్థాపించారు. మన అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడలమీద దాని శిక్షణ ప్రకటనలు చదవకుండా నడవడం కష్టం. ఎందరు తెలుగు పిల్లలు ఆ మెట్లెక్కి దిగి అమెరికా విమానం ఎక్కారో! ఆ సాఫ్టువేరులో ప్రతి వస్తువుకూ ఒక పుట ఉంటుంది. అందులో ఒక గడిలో రెండంకెల సంఖ్య వేయాలి. ఆ వస్తువును ఏ పద్ధతిలో చేయాలో ఆ సంఖ్యే చెబుతుంది.

పది అని వేస్తే ప్రమిదలు. ఆర్డర్లతో నిమిత్తం లేకుండా వేసుకున్న అంచనా ప్రకారం చేస్తూ పోవడమే. ఇరవై వేస్తే ఐరేని కుండలు. ఆర్డరు వస్తేనే కదలిక, చేసిన సరుకు కూడా ఆ ఆర్డరు పేరిటే ఉంటుంది, మరొకరికి చెల్లదు. నలభై వేస్తే ఇంకొక తమాషా. పండుగకు పదిమంది చుట్టాలొస్తారని ఎసరు పెడతాం. నలుగురు వచ్చారు. అప్పుడు పద్నాలుగుమందికి వండం కదా! ఆ నలుగురూ ఆ పదిమందిలోవారే, ఇక రావలసినవారు ఆరుగురు. అలాగే వచ్చిన ఆర్డరును అంచనాలోంచి తీసివేసుకుంటూ పోతుంది ఆ నలభై.

యాభై నాకు అన్నిటికంటే నచ్చింది. అది దోశ. మా బస్‌స్టాపు దగ్గర హోటలువాడు ఇడ్లీలు వాయలు వాయలుగా వేసి ఉంచుతాడు. దోశ మాత్రం చెప్పాకే పెనం మీద పోస్తాడు. అయితే దోశ చెప్పిన తరవాత బియ్యం నానబెట్టడు! పిండి నిన్న రాత్రే రుబ్బి ఉంది. ఆఖరి మెట్టు మాత్రం అడిగేవాడి కోసం ఆపి ఉంచాడు, అంతకు కింది మెట్లన్నీ ముందే ఎక్కేశాడు. ఎంతమందికి దోశలు, ఎంతమందికి ఊతప్పాలు అని రాత్రి తెలియనక్కరలేదు, ఎంత పిండి చెల్లుతుందో తెలిస్తే చాలు. చిన్న హోటలువాడికి కూడా తెలిసిన ఈ కిటుకు లక్షలు పోసి కొన్న సాఫ్టువేరు పెట్టేటప్పుడు ఎవరికీ తోచదేమి?

ఇక మా కార్ఖానాలో (నాకూ 'మా' అయిపోయింది) జరిగింది ఇది. వారు పెట్టుకున్నది శాప్ కాదు, చిన్న సంస్థలకు సరిపడే మరొకటి. పేరుతో పనిలేదు, తప్పు దానిది కాదు. దాన్ని అమర్చడానికి వచ్చిన కన్సల్టెంటు కుర్రవాడు మావాణ్ణి అడిగాడట, "మీరు మేక్ టు ఆర్డరా, మేక్ టు స్టాకా?" అని. మావాడు గర్వంగా, "ఆర్డర్ లేకుండ మేం ఒక్క బోల్టు గూడ బిగించం" అన్నాడట. ఆ గర్వానికి కారణముంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాకముందు ఒకే కొలతలో ఎనభై ట్రాలీలు చేయించి పెట్టాడు. కొంటానన్నవారు కొనలేదు. తరవాత కొలతలే మారిపోయాయి. తుప్పు పట్టి చివరకు తుక్కు కింద కిలోల లెక్కన పోయాయి. ఆ దెబ్బ తిన్నవాడికి 'చేసి ఉంచడం' అన్న మాటే అపశకునం. కన్సల్టెంటు ఆ ఒక్క జవాబునే పట్టుకుని ట్రాలీలకు, ర్యాకులకు, స్టాండ్లకు, వాటిలో పడే చక్రాలకు, నట్లకు కూడా 'అడిగాక చేసేది' అని ముద్ర వేసి పోయాడు.

దాని ఫలితం చూడండి. ఒక సరుకుల గోదామువారు అరవై ట్రాలీలు అడిగారు. ట్రాలీకి నాలుగు చక్రాలు, మొత్తం 240. ఆ ఆర్డరు పేరిట 240 చక్రాలు కొన్నారు, వచ్చాయి, స్టోరులో చేరాయి. ఇంతలో గోదామువారు 'కొన్నాళ్ళు ఆగండి' అన్నారు. ఆగారు. అప్పుడే మరొకరు పాతిక ట్రాలీలు తొందరగా కావాలన్నారు. కంప్యూటరు ఏమంది? 'ఈ ఆర్డరుకు చక్రాలు లేవు, 100 కొనండి, మూడు వారాలు పడుతుంది' అంది. అల్మరాలో 240 కళ్ళెదుట ఉన్నాయి. అచ్చం అవే చక్రాలు, అదే కంపెనీవి, అదే కొలత. కాని అవి మొదటి ఆర్డరువారివి.

సూపర్‌వైజరు వచ్చి, "పెద్దమనిషీ, అండ్లకెళ్ళి ఒక వంద ఇయ్యి, తర్వాత సర్దుదాం" అన్నాడు. స్టోరుకీపరు ఇచ్చాడు. ఆయనకు యాభైయేళ్ళు దాటాయి, కార్ఖానా పుట్టినప్పటినుంచీ ఉన్నవాడు. తన బిన్‌కార్డు మీద తేదీతో సహా పెన్నుతో రాసుకున్నాడు. పాతిక ట్రాలీలు వెళ్ళిపోయాయి. సరుకు వెళ్ళిపోయింది కదా అని కొత్తగా కొనవలసిన వంద చక్రాల ఇండెంటు రద్దు చేశారు. కంప్యూటరులో మాత్రం ఎవరూ ఏమీ మార్చలేదు. దాని లెక్క ప్రకారం మొదటి ఆర్డరు పేరిట 240 చక్రాలూ భద్రంగా ఉన్నాయి, ఆ పాతిక ట్రాలీలు చక్రాలు లేకుండానే గేటు దాటి రోడ్డున పడ్డాయి!

మార్చి నెలాఖరున సరుకు లెక్కపెట్టారు. వంద చక్రాలు తక్కువ. ఎవరి అధీనంలో ఉన్న సరుకు? స్టోరుకీపరుది. లెక్క తేలేదాకా అతని జీతంలోంచి నెలకింత పట్టాలన్న మాట ఆఫీసులో వినవచ్చింది. సూపర్‌వైజరు ఆ మధ్యే మానేసి వేరే చోట చేరాడు. బిన్‌కార్డు చూపితే, "ఇప్పుడు కార్డులు చెల్లవు, సిస్టములో ఏముందో అదే లెక్క" అన్నారట.

నేను గోడకు అంటించే కాగితం పట్టుకుని అక్కడికి వెళ్ళిన రోజు అది. ఆయన నన్ను స్టోరులోకి పిలిచి, అల్మరా ముందు నిలబెట్టి, ఒక్కటే ప్రశ్న అడిగాడు. "పంతులుసార్, మీరు సదువుకున్నోళ్ళు. ఇవి ఎవలియి? మా సేటువా, ఆర్డరిచ్చినోనివా, కంప్యూటర్‌వా?"

ముప్పై రెండేళ్ళు బడిలో ప్రశ్నలు అడిగినవాణ్ణి. అంత సూటి ప్రశ్న నేనెప్పుడూ అడగలేదనిపించింది.

ఆ రాత్రి కూర్చుని కాగితాలన్నీ మళ్ళీ చదివాను. అమెరికాలో శాప్ మీద పనిచేసే మా అన్నయ్యగారి అబ్బాయికి ఫోను చేశాను. అతడు చెప్పింది వింటే ఆశ్చర్యం, ఆ తరవాత కోపం. ఆ సాఫ్టువేరులో చక్రంవంటి విడిభాగానికి మరొక గడి ఉందట. అందులో 1 వేస్తే ప్రతి ఆర్డరుకూ వేరు, 2 వేస్తే అందరికీ ఉమ్మడి. పైన ట్రాలీ అడిగాకే చేసేదైనా, కింద చక్రం ఉమ్మడిగా ఉండవచ్చు. అంతే కాదు, ఒక ఆర్డరు పేరిట ఉన్న సరుకును ఉమ్మడిలోకి మార్చాలన్నా, ఉమ్మడిలోంచి మరొక ఆర్డరుకు ఇవ్వాలన్నా దారి ఉంది. 411, 413 అని దానికి అంకెలు కూడా చెప్పాడు. మావాడి చిన్న సాఫ్టువేరులోనూ వేరే పేర్లతో ఇవి ఉన్నాయని మర్నాడు తేలింది. అంటే దారి ఉంది, గుర్తు పలక మాత్రం ఇంగ్లీషులో ఉంది, అది కూడా ఆఫీసు గదిలో. స్టోరులో ఉన్నవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పనివాడు ఇంటికి పోయాడు, తెలియనివాడు దొంగ అయ్యాడు.

వేరు, ఉమ్మడి. ఈ రెండు మాటలూ మన ఇళ్ళలో ఎంత బరువైనవో మీకు నేను చెప్పాలా? అన్నదమ్ములు వేరుపడేటప్పుడు బావి మాత్రం ఉమ్మడిగా ఉంచుకునేవారు. మంచం, చెంబు పంచుకున్నా బావిని పంచుకోవడం కుదరదని వారికి తెలుసు. ఏది పంచాలో, ఏది పంచకూడదో ఒక్కొక్క వస్తువు దగ్గరా ఆగి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడుకునేవారు. మా కార్ఖానాలో ఆ మాటామంతీ ఒక్క ప్రశ్నతో, ఒక్క జవాబుతో ముగిసింది.

నా అభిప్రాయం ఇది. 'మీది ఆర్డరు మీద చేసే సంస్థా, చేసి ఉంచే సంస్థా?' అనే ప్రశ్న అడగనేకూడదు. సంస్థకు ఆ గుణం లేదు. వస్తువుకు ఉంది, వస్తువులో ఒక్కొక్క భాగానికి ఉంది. ఎక్కడిదాకా ముందే చేసి ఉంచాలి, ఎక్కడినుంచి అడిగేవాడి కోసం ఆగాలి అన్న ఆ గీత ఎక్కడ గీయాలో యజమాని, స్టోరుకీపరు, పనివాడు కూర్చుని తేల్చుకోవాలి. కన్సల్టెంటు దాన్ని అంకెలోకి మార్చాలి, అంతవరకే అతని పని. అమీర్‌పేటలో ఆ అంకెలు బాగానే నేర్పుతున్నారు, ఇరవై అంటే ఏమిటో కుర్రవాళ్ళు నిద్రలో లేపినా చెబుతారు. ఎదుటివాణ్ణి ఏమడిగితే ఇరవై అని తేలుతుందో ఆ ఒక్కటీ ఎక్కడా నేర్పుతున్నట్టు లేదు.

మావాడితో ఈ మాట అంటే ఊరుకోలేదు. "సార్, జపానోళ్ళు స్టాకే వద్దంటరు గద!" అన్నాడు. అన్నమాట నిజమే. టొయోటా పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో అనే ఆయన, అవసరానికి మించి చేయడాన్నే అన్ని దుబారాలకూ తల్లి అన్నాడు. ఆ సిద్ధాంతాన్ని ప్రపంచమంతా వల్లె వేసింది. అయితే ఆ టొయోటాయే 2011 భూకంపం తరవాత తన నియమాన్ని ఒక్క చోట సడలించుకుంది. కార్లలో వాడే చిప్పులు రెండునెలలనుంచి ఆరునెలలకు సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. 2021లో చిప్పులు దొరక్క ఇతర కంపెనీల కార్ఖానాలు మూతపడుతుంటే, టొయోటాకు ఆ దెబ్బ ఆలస్యంగా తగిలింది. మిగతా భాగాల్లో తన పద్ధతి మార్చుకోలేదు. ఏ భాగం తెప్పించుకోవడానికి ఎక్కువకాలం పడుతుందో దాన్ని మాత్రం దాచిపెట్టుకుంది. కుమ్మరి చేసిందీ అదే కదా.

ఇక 'ఆర్డరు ఉంటే భయం లేదు' అన్న నమ్మకం. దీనికి నేను మావాడికి ఆకాశంలోకి వేలు చూపించాను. ఆర్డరు మీద చేయడంలో విమానాన్ని మించినది ఏముంది? 2023 జూన్‌లో ఇండిగోవారు ఎయిర్‌బస్‌కు 500 విమానాలకు ఆర్డరిచ్చారు, అందేది 2030, 2035 మధ్య! మన ఔటర్ రింగురోడ్డు ఎక్కితే దగ్గరలోనే ఆదిభట్లలో టాటా, బోయింగు కలిసి 2018లో తెరిచిన కార్ఖానా ఉంది. అక్కడ అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతాయి. అమ్ముడుపోతాయిలే అని ఎవరూ ఒక హెలికాప్టరు చేసి అంగట్లో పెట్టరు. అటువంటి బోయింగు కంపెనీకే 2019లో ఏమైంది? రెండు ఘోరప్రమాదాల తరవాత ఆ మార్చిలో 737 మ్యాక్స్ విమానాలను ప్రపంచమంతటా నేలకు దించారు. కొనేవారికి అప్పగించే వీలు లేదు. అయినా తయారీ ఆపలేదు. నెలకు 52 నుంచి 42కు తగ్గించి, 2020 జనవరి దాకా చేస్తూనే పోయారు. సుమారు 400 విమానాలు పేరుకుపోయాయి. స్థలం చాలక ఉద్యోగుల కార్లు నిలిపే చోట కూడా విమానాలు నిలబెట్టారు. అన్నీ ఆర్డరు మీద చేసినవే! చూస్తుండగానే 'అడిగాక చేసినవి' 'చేసి ఉంచినవి'గా మారిపోయాయి. ఆపైన కరోనా వచ్చి కొందరు ఆర్డర్లే రద్దు చేసుకున్నారు. యజమాని లేని విమానాన్ని ఆ రంగంలో 'వైట్ టెయిల్' అంటారట, తెల్లతోక. ఏ సంస్థ గుర్తూ వేయని తోక.

తయారీ ఎందుకు ఆపలేదని అడగవచ్చు. ఆపితే రెంటన్‌లోని కార్ఖానాతో బాటు, దానికి భాగాలు పంపే వందల చిన్న కార్ఖానాలూ ఆగుతాయి. అక్కడ పని మానిన మనిషి మళ్ళీ దొరకడు. ఇది విన్నాక మావాడు కాస్త మెత్తబడ్డాడు. ఎందుకంటే అతని దగ్గరా అదే కథ చిన్న అక్షరాల్లో ఉంది. ఆర్డర్లు లేని వారం రోజుకూలీ వెల్డర్లను రేపు రావద్దంటాడు. వారు మరొక చోట చేరతారు. ఆర్డరు వచ్చాక మనుషులు దొరకరు, దొరికినవారికి పని తెలియదు. నిల్వ ఉంచకపోవడం వల్ల మిగిలిన డబ్బు యజమాని కంటికి కనిపిస్తుంది. ఆ వారం ఎవరి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఏ తెరమీదా కనిపించదు. ఎదురుచూడడం అనే భారం ఎక్కడికీ పోలేదు, యజమాని భుజం మీదినుంచి వెల్డరు భుజం మీదికి, కొనేవాడి భుజం మీదికి మారింది, అంతే. ఆ రెండంకెల గడిలో నిజానికి రాస్తున్నది ఈ భారం ఎవరిదన్నది.

మావాడి ఎనభై ట్రాలీల దెబ్బను నేను తక్కువ చేయడం లేదు. తుప్పు పట్టిన సరుకు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అందులో నాకూ అనుభవముంది. పదవీ విరమణ డబ్బులతో నా పద్యాల పుస్తకం వేయి ప్రతులు వేయించాను. 'సార్, అయిదువందలు వేసినా వెయ్యి వేసినా పెద్ద తేడా లేదు' అని అచ్చుకూటమివారు అన్నారు, నేను పొంగిపోయాను. పంచగా, బతిమాలి ఇవ్వగా, మిగిలినవి మంచం కింద ఉన్నాయి. మా ఆవిడ వాటిని 'నీ స్టాకు' అంటుంది. ఈ చదువరుల్లో పుస్తకం వేసినవారందరి మంచాల కిందా కాస్తో కూస్తో ఉండే ఉంటుంది, నవ్వకండి. ఇప్పుడు అడిగినన్ని ప్రతులే అచ్చువేసే సౌకర్యం వచ్చింది. మన బోటి పుస్తకాలకు అదే మేలు. బడిపిల్లల వాచకాలను మాత్రం అలా చేస్తామంటే ఒప్పుకోను. జూన్ నెలలో బడి తెరిచేనాటికి పుస్తకం పిల్లవాడి చేతిలో ఉండాలి, అడిగాక అచ్చువేస్తామంటే దసరా వస్తుంది. ఆలస్యంగా వచ్చిన వాచకాలతో, ఒక పుస్తకం చుట్టూ ఐదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పినవాణ్ణి నేను. ఇక్కడ కొన్ని మిగిలిపోయినా నష్టం లేదు.

చివరకు మావాడి కార్ఖానాలో ఏం మారిందంటారా? చక్రాలు, నట్లు, రెండు కొలతల ఇనుప గొట్టాలు ఉమ్మడి అయ్యాయి. ఎక్కువగా అడిగే ఒక్క ట్రాలీకి చట్రం వెల్డింగు వరకు ముందే చేసి ఉంచుతున్నారు, రంగు, పైపలక అడిగాక. అదే దోశపిండి. పని లేని వారాల్లో వెల్డర్లు ఆ చట్రాలు చేస్తున్నారు. యంత్రభాగాల స్టాండ్లు ఎప్పటిలాగే ఐరేని కుండలు, బయానా లేనిదే కొలిమి ముట్టరు. ఇందులో మళ్ళీ తుప్పు పట్టేవి ఉండవని నేను హామీ ఇవ్వలేను, ఇవ్వలేదు కూడా.

స్టోరుకీపరు సంగతి. ఆయన బిన్‌కార్డు, ఆ రోజు గేట్‌పాసు, పాతిక ట్రాలీల చలానా మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే వంద చక్రాలూ లెక్కకు వచ్చాయి. మా శిష్యుడు స్వయంగా స్టోరులోకి వెళ్ళి ఆయనతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేనడగలేదు. జీతం కోత మాట ఆగిపోయింది. ఆయన మాత్రం ఇప్పుడు కంప్యూటరులో ఎక్కించినది ప్రతిదీ తన కార్డు మీద కూడా రాసుకుంటున్నాడు. నేను వద్దనలేదు.

గోడమీద నా తెలుగు కాగితం ఉంది. ఎనిమిది వాక్యాలు. మొన్న వెళితే ఆయన తొమ్మిదోది రాయమన్నాడు. చక్రాలు ఉమ్మడి అయ్యాక ఒకేరోజు రెండు ఆర్డర్లవారు వచ్చారట, ఉన్నవి ఒకరికే చాలతాయి. కంప్యూటరు ముందు వచ్చినవాడి పేరు చూపింది, ఆఫీసునుంచి ఫోను చేసి రెండోవాడికి ఇవ్వమన్నారు. "గట్ల ఫోన్ జేసినోళ్ళు పేరు, తారీకు రాసి సంతకం వెట్టాలె అని రాయండి సార్" అన్నాడు. రాశాను. మా శిష్యుడు చదివి, ఒక నిమిషం ఊరుకుని, తానే టేపుతో అంటించాడు.

ఇక మీకొక పని. అనుకోని అవసరానికి ఎప్పుడూ అడుగున కొంత ఉంచే సరుకును 'సేఫ్టీ స్టాక్' అంటున్నారు. 'భద్రతా నిల్వ' అంటే పోలీసుల గోదాములా ఉంది. వడ్ల గాదెల కాలంలో మన ఇళ్ళలో దీనికేదో మాట ఉండే ఉంటుంది. మీ అమ్మమ్మగారినో నాయనమ్మగారినో అడిగి, తెలిస్తే వ్యాఖ్యలో రాయండి. పదో వాక్యానికి కావాలి.